ప్లాస్టిక్ కార్ల మోడళ్లు: ఏ స్కేలు, ఏ కిట్, ఏ రంగు తీసుకోవాలి?

ట్యాంకు మోడళ్లు కట్టేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. రంగులో ఎక్కడైనా దుమ్ము పడితే దానిమీద బురద వేసి దాచేయొచ్చు. కారుకు ఆ వీలు లేదు. షోరూమ్ లోంచి అప్పుడే బయటికొచ్చినట్టు నిగనిగలాడాల్సిన బాడీ మీద వేలిముద్ర, వెంట్రుక, గీత, సన్నటి బుడగ అన్నీ కనిపిస్తాయి. చూసేవాళ్ల కళ్లు ముందు వెళ్లేది కూడా అక్కడికే. ఇంజిను ఎంత చక్కగా కట్టినా బాడీ రంగు బాగోకపోతే ఆ మోడల్ బాగోలేదనే అంటారు.

అందుకే కిట్ ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు ఒకటి చూసుకుంటాను. ఇది తీసుకుంటే బాడీ పనికి నాకు ఎంత ఓపిక మిగులుతుంది? స్కేలు, కంపెనీ, ఇంజిను ఉండాలా వద్దా, ఏ రంగు, ఏ జిగురు అన్నవన్నీ ఈ ప్రశ్నతోనే తేలతాయి. మూడు వందల ముక్కల కిట్ తెచ్చి, ఛాసిస్ దగ్గరే అలసిపోయి, బాడీకి వచ్చేసరికి ఎలాగోలా రంగు కొట్టేసి ముగించేవాళ్లు చాలామంది. అంతకంటే తక్కువ ముక్కలున్న కిట్ తీసుకుని బాడీని అద్దంలా చేసినవాళ్ల షెల్ఫ్ ఎప్పుడూ అందంగా ఉంటుంది.

కట్టడం ఇష్టమా, కారు ఇష్టమా

మీకు కావాల్సింది షెల్ఫ్ మీద ఆ కారు కనిపించడమే అయితే డైకాస్ట్ తీసుకోండి. అది లోహపు బాడీతో, ఫ్యాక్టరీలోనే రంగు వేసి సిద్ధంగా వస్తుంది. 1/18 సైజులో (అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు) తలుపులు, బానెట్ తెరుచుకునేవి దొరుకుతాయి. 1/43లో వందల కార్లు ఒకే అలమారాలో పడతాయి. కారు మీద ప్రేమ ఉండి, ఉప్పుకాగితం పట్టుకుని గంటలు కూర్చునే ఓపిక లేకపోతే అదే సరైన దారి. అందులో చిన్నతనమేమీ లేదు.

ప్లాస్టిక్ కిట్ తీసుకునేది ఆ గంటల కోసమే. ఏ కారును ఏ రంగులో చూడాలనుకుంటే ఆ రంగులో, ఏ చక్రాలు కావాలంటే ఆ చక్రాలతో కట్టుకోవచ్చు. ఈ కిట్ల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్ కోతకు, అతుకుకు, రాపిడికి చక్కగా లొంగుతుంది. తప్పు జరిగినా చాలావరకు దిద్దుకోవచ్చు.

మూడో రకం వాళ్లూ ఉన్నారు. కట్టని కిట్లను సేకరించేవాళ్లు. పెట్టె మీది బొమ్మ, అచ్చు (ప్లాస్టిక్ ముక్కలు పోసే ఉక్కు మూస) చరిత్ర, ఎప్పుడు విడుదలైంది అన్న వివరాలే వాళ్లకు ఆనందం. కట్టేవాళ్లు, సేకరించేవాళ్లు ఒకే కొట్టుకు వెళ్లినా కొనేది ఒకటే కాకూడదు. కట్టేవాళ్లకు కొత్త అచ్చు మేలు. సేకరించేవాళ్లకు పాతదే ముద్దు. ఈ రెండింటినీ కలిపేసుకున్న చోటే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. "ఎప్పటికైనా కడతాలే" అని కొన్న అరుదైన పాత కిట్ కట్టడానికి మనసొప్పదు, అమ్మడానికీ మనసొప్పదు.

స్కేలు

పెద్దవాళ్ల కార్ల మోడలింగ్ అంటే ప్రధానంగా 1/24, 1/25. మిగతావన్నీ వాటి చుట్టూ ఉన్నవే.

1/24 అంటే అసలు కారులో ఒక అడుగు, మోడల్లో అర అంగుళం. జపాన్, యూరప్ కంపెనీలు ఎక్కువగా దీన్నే వాడతాయి. 1/25 అమెరికా నుంచి వచ్చింది. అక్కడ కార్ల డీలర్లు కొత్త మోడల్ వచ్చినప్పుడు కొనుగోలుదారులకు చూపడానికి, ఇవ్వడానికి చిన్న ప్లాస్టిక్ కార్లు చేయించేవారు. వాటిని ప్రోమోలు అంటారు. 1948లో అల్యూమినియం మోడల్ టాయ్స్ పేరుతో మొదలైన ఏఎంటీ కంపెనీ ఇలాంటివి చేసేది. 1958లో అదే కంపెనీ వాటిని విడి ముక్కల కిట్లుగా మార్చి అమ్మడం మొదలుపెట్టింది. ఒకే పెట్టెలోని ముక్కలతో అసలు కారులాగా, లేదా కస్టమ్ కారులాగా, లేదా రేసు కారులాగా కట్టుకోవచ్చు. "త్రీ ఇన్ వన్" అన్న పేరు అలా వచ్చింది. ఆ ప్రోమోల స్కేలు 1/25 కాబట్టి అమెరికన్ కార్ల కిట్లు ఇప్పటికీ ఎక్కువగా అందులోనే వస్తున్నాయి.

రెండింటి మధ్య తేడా ఎంత? నాలుగున్నర మీటర్ల కారు 1/24లో సుమారు 18.8 సెంటీమీటర్లు, 1/25లో 18 సెంటీమీటర్లు. ఏడు ఎనిమిది మిల్లీమీటర్ల తేడా. షెల్ఫ్ మీద పక్కపక్కన పెడితే ఎవరికీ తెలియదు. కాబట్టి ఈ రెండింటిలో ఏది అన్న టెన్షన్ పెట్టుకోవద్దు. మీకు నచ్చిన కారు ఎందులో ఉంటే అందులో తీసుకోండి. ఒక్క చోట మాత్రం జాగ్రత్త: ఒక కిట్ చక్రాలు, ఇంజిను ఇంకో కిట్‌లో పెట్టాలనుకుంటే ఆ చిన్న తేడా అడ్డొస్తుంది. టైరు ఫెండర్‌కు తగలడం, ఇంజిను బానెట్ కింద పట్టకపోవడం లాంటివి జరుగుతాయి.

ఫార్ములా వన్ కార్లు ఇష్టమైతే 1/20 చూడండి. టామియా, ఎబ్రో, ఫుజిమి, హసెగావా కంపెనీలు ఇందులో చాలా చేశాయి. 1976, 77లో పరుగెత్తిన ఆరు చక్రాల టిరెల్ పీ34 నుంచి మొదలుపెట్టి ఆ క్రీడ చరిత్రను వరుసగా షెల్ఫ్ మీద నిలబెట్టొచ్చు. కానీ వీటిలో బాడీ చిన్నది, డెకాల్స్ (నీళ్లలో తడిపి అతికించే పలుచని గుర్తులు, అక్షరాలు) ఎక్కువ, సస్పెన్షన్ కడ్డీలు పుల్లల్లా సన్నగా ఉంటాయి. మొదటి కిట్‌గా వద్దనే అంటాను.

1/12 చూడగానే ఎవరికైనా మోజు పుడుతుంది. టామియా 1967లో హోండా ఎఫ్1 కారుతో ఈ సైజులో అడుగుపెట్టింది. వైర్లు, గొట్టాలు, స్ప్రింగులు అన్నీ విడిగా చేసుకునేంత చోటు ఉంటుంది. కారు పొడవు 37, 38 సెంటీమీటర్లు. అంటే బాడీ మీద రంగు వేయాల్సిన విస్తీర్ణం 1/24తో పోలిస్తే నాలుగు రెట్లు. డబ్బు, చోటు, నెలల సమయం మూడూ కావాలి. ఏడాదికి ఒక్క కారు చాలు, అది మాత్రం గొప్పగా ఉండాలి అనుకునేవాళ్లకు ఇంతకు మించింది లేదు.

1/32లో మోడళ్లు తక్కువ. అయితే అయోషిమా తెస్తున్న స్నాప్ కిట్లు ఈ సైజువే. రంగు ప్లాస్టిక్‌లో వస్తాయి, జిగురు అక్కర్లేదు, ఒక సాయంత్రంలో అయిపోతాయి. పిల్లలతో కలిసి కట్టడానికి బాగుంటాయి. 1/43 బ్రిటన్‌లో ఓ గేజ్ బొమ్మ రైళ్లతో ముడిపడి వచ్చిన సైజు. ఇందులో కిట్లు ఎక్కువగా రెసిన్, వైట్ మెటల్ (మెత్తని పోత లోహం)తో ఉంటాయి, ప్లాస్టిక్ తక్కువ. అది వేరే నైపుణ్యం.

ఇంజిను ఉండాలా

బానెట్ తెరుచుకోని, ఇంజిను లేని కిట్లను కర్బ్‌సైడ్ అంటారు. ఛాసిస్ కింది భాగం, లోపలి సీట్లు, డాష్‌బోర్డ్, బాడీ అంతే. ఇంజినుతో సహా వచ్చేదాన్ని ఫుల్ డీటెయిల్ అంటారు.

కొత్తగా వచ్చినవాళ్లు కర్బ్‌సైడ్‌ను తక్కువరకంగా చూస్తారు. నేను ఒప్పుకోను. బానెట్ విడి ముక్క అయితే దాని చుట్టూ సందు సమానంగా రావాలి. బాడీకి, బానెట్‌కు రంగు ఒకే దెబ్బలో, ఒకే కోణంలో వేయాలి, లేకపోతే మెటాలిక్ రంగుల్లో రెండూ వేర్వేరు షేడ్లలా కనిపిస్తాయి. ఇంజిను పెట్టాక బాడీ ఛాసిస్ మీద సరిగ్గా కూర్చోకపోవడం చాలా కిట్లలో ఉన్న బాధే. కర్బ్‌సైడ్‌లో ఇవేవీ ఉండవు. టామియా జీఆర్ సుప్రా, మాజ్డా ఎంఎక్స్-5 రోడ్‌స్టర్ లాంటివి ఈ రకం. ముక్కలు ఒకదానికొకటి గట్టిగా, సందు లేకుండా కూర్చుంటాయి. మీ ఓపికంతా రంగుకే పెట్టొచ్చు.

ఇంజిను కోసం కారును ప్రేమించేవాళ్ల సంగతి వేరు. అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిను) కార్లు, హాట్ రాడ్లు (వేగం కోసం మార్చిన పాత కార్లు) ఇంజిను లేకుండా కడితే అసలు సంగతే పోయినట్టు ఉంటుంది. ఆ కోవలో రెవెల్, ఏఎంటీ, మోబియస్ కిట్లు దాదాపు ఎప్పుడూ ఇంజినుతోనే వస్తాయి. టామియా ఎంజో ఫెరారీ ఫుల్ డీటెయిల్ కిట్లకు మంచి ఉదాహరణ. ఫుజిమి ఎంథూజియాస్ట్ వరుసలోని పోర్షే 911, 356 కిట్లలో అడుగున, వెనక ఉన్న ప్రతి గొట్టం విడి ముక్కే. చూడ్డానికి అద్భుతం. సూచనల కాగితం మాత్రం ముందు రెండుసార్లు చదవాలి, ఏ ముక్క దేనికి ముందు వెళ్లాలో తెలియకుండా జిగురు తీస్తే ఇరుక్కుపోతారు.

పెట్టె కాదు, అచ్చు చూడండి

ఈ హాబీలో డబ్బు ఆదా చేసే సలహా ఒక్కటే ఇవ్వమంటే ఇదే ఇస్తాను. కొత్త పెట్టె, కొత్త బొమ్మ, కొత్త డెకాల్స్ ఉన్నంత మాత్రాన లోపలి కిట్ కొత్తది కాదు. ఉక్కు అచ్చు చేయించడం చాలా ఖర్చు. కాబట్టి కంపెనీలు ఒకే అచ్చును దశాబ్దాల పాటు వాడతాయి. ఒకదానికొకటి అమ్ముకుంటాయి, అద్దెకిచ్చుకుంటాయి. రెవెల్, మోనోగ్రామ్ 1986లో ఒకటయ్యాయి. అప్పటి నుంచి మోనోగ్రామ్ పాత 1/24 అచ్చులు రెవెల్ పెట్టెల్లో వస్తూనే ఉన్నాయి. ఏఎంటీ, ఎంపీసీ పేర్లు ఇప్పుడు రౌండ్ 2 చేతిలో ఉన్నాయి. అది పాత అచ్చులను పాత పెట్టె బొమ్మలతోనే మళ్లీ తెస్తోంది. చూసి మురిసిపోవడానికి బాగుంటుంది, కానీ లోపల ఉన్నది 1960ల నాటి ఇంజినీరింగ్. ఇనుప ఇరుసు ఛాసిస్‌లో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దూర్చడం, లోపలి సీట్లన్నీ ఒకే తొట్టిలా రావడం, అంచుల వెంట సన్నటి పొరలా అదనపు ప్లాస్టిక్ ఉండడం మామూలే.

కొనేముందు స్కేల్‌మేట్స్ వెబ్‌సైటులో ఆ కిట్ పేరు వెతకండి. ఏ సంవత్సరంలో మొదట అచ్చు వేశారు, తర్వాత ఎవరెవరు ఏ పెట్టెలో తెచ్చారు, అన్నీ కాలక్రమంగా చూపిస్తుంది. కొత్త అచ్చు, కొత్త ముక్కలు కలిపిన పాత అచ్చు, పెట్టె మాత్రమే మారినది అని తేడా కూడా చెబుతుంది. ఈ ఒక్క అలవాటుతో సగం నిరాశలు తప్పుతాయి.

కంపెనీల గురించి నా అభిప్రాయం ఇది. టామియా కిట్ పెట్టెలోంచి తీసి సూచనలు పాటిస్తే చాలు, కారు తయారవుతుంది. చాలా కిట్లలో అద్దాల అంచుకు నల్ల గీత వేయడానికి మాస్కింగ్ స్టిక్కర్లు కూడా ఇస్తారు. మొదటి కిట్‌కు వేరే పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు. హసెగావా దాని తర్వాత. పాత జపాన్ కార్లు, ర్యాలీ కార్లు, లంబోర్గిని మియురా లాంటివి దీని బలం. లోహపు పలుచని స్టిక్కర్లు, గీతల్లాంటి వివరాలు పదునుగా ఉంటాయి. టామియా, అయోషిమా, ఫుజిమి, హసెగావా నాలుగూ జపాన్‌లోని షిజువోకా ప్రాంతానివే. ఏటా మే నెలలో అక్కడ జరిగే హాబీ షోలో కొత్త కిట్లు ప్రకటిస్తారు. కాబట్టి మీరు ఎదురుచూస్తున్న కారు ఏదైనా ఉంటే ఆ నెల వార్తలు చూసి తర్వాత కొనండి.

అయోషిమాకు జపాన్ వీధుల్లో తిరిగే మామూలు కార్ల మీద ఉన్న ప్రేమ ఇంకెవరికీ లేదు. ట్యాక్సీలు, పోలీసు కార్లు, చిన్న వ్యాన్లు, ట్యూనింగ్ చేసిన సెడాన్లు అన్నీ దొరుకుతాయి. పాత అచ్చులు, కొత్త అచ్చులు కలిసి ఉంటాయి కాబట్టి చూసుకుని కొనాలి. ఫుజిమిలో ఆ తేడా ఇంకా ఎక్కువ. కొన్ని అద్భుతం, కొన్నిట్లో బాడీ ఆకారమే సరిగా ఉండదు.

రెవెల్ అంటే ఒకటి కాదు. జర్మనీ రెవెల్ యూరప్ కార్లలో మంచి పని చేసింది. సులువైన స్నాప్ కిట్లూ తెస్తుంది. అమెరికా వైపు నుంచి వచ్చిన అచ్చుల్లో 1990ల తర్వాతి 1/25 కిట్లు కట్టడానికి బాగుంటాయి. మోబియస్ కిట్లు 1950, 60ల అమెరికన్ సెడాన్లకు, పికప్‌లకు చక్కని కొత్త అచ్చులు. ఫ్రెంచి కార్లంటే ఇష్టమైతే హెల్లర్, ఎబ్రో. ఎబ్రో సిట్రోయెన్ డీఎస్ చూస్తే ఆ కారు గీతల అందం తెలుస్తుంది. లారీలకు ఇటాలెరి. ఇప్పటి ర్యాలీ కార్లకు బెల్‌కిట్స్. టూరింగ్ రేసు కార్లకు నునూ, బీమ్యాక్స్.

జిగురు

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ట్యూబులో వచ్చే చిక్కటి జిగురు దారాలు సాగుతుంది, బాడీ మీద పడితే కరిగించి గుంట చేస్తుంది. పలుచని ద్రవ సిమెంట్ తీసుకోండి. టామియా ఆకుపచ్చ మూత ఎక్స్‌ట్రా థిన్ అందరూ వాడేది. ముక్కలు జోడించి పట్టుకుని సందు దగ్గర బ్రష్ తాకిస్తే ద్రవం దానంతటదే లోపలికి పాకి ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. అతికించే చోట రంగు, క్రోమ్ పూత ఉంటే గీకేయాలి, లేకపోతే పట్టదు.

అద్దాలకు మాత్రం సిమెంట్ గానీ సూపర్ గ్లూ గానీ వాడొద్దు. సూపర్ గ్లూ ఆవిరి అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది. తెల్ల పీవీఏ జిగురు, లేదా పారదర్శక ముక్కల కోసమే చేసిన జిగురు వాడితే, పక్కన అంటుకున్నది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. లోహపు ముక్కలకు, రెసిన్‌కు మాత్రం సూపర్ గ్లూ లేదా ఎపాక్సీ తప్పదు.

రంగు

మూడు రకాల రంగులున్నాయి. వాటి మధ్య ఎంపిక కంటే ఏది దేని మీద వేయొచ్చు అన్నది ముఖ్యం.

ల్యాకర్ ఘాటైన ద్రావకంతో చేసింది. త్వరగా ఆరుతుంది, గట్టిపడుతుంది, పాలిష్ పెడితే అద్దంలా మెరుస్తుంది. వాసన, ఆవిరి మాత్రం ఎక్కువ. ఎనామిల్ నెమ్మదిగా ఆరుతుంది, బ్రష్‌తో వేసినా గీతలు కనిపించకుండా సర్దుకుంటుంది, కానీ పూర్తిగా గట్టిపడడానికి చాలా రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. అక్రిలిక్‌లో ఘాటు తక్కువ. లోపలి సీట్లకు, డాష్‌బోర్డుకు, డ్రైవర్ బొమ్మకు చాలా బాగుంటుంది. బాడీకి మెరుపు తేవడం మాత్రం దీనితో కష్టం.

నియమం ఇది: ఘాటైన దాన్ని కింద, మెత్తని దాన్ని పైన వేయాలి. ల్యాకర్ మీద ఎనామిల్, అక్రిలిక్ వేయొచ్చు. ఎనామిల్ మీద ల్యాకర్ కొడితే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. కాబట్టి బాడీకి ల్యాకర్, తలుపుల గీతల్లో నింపడానికి పలుచని ఎనామిల్ వాష్ అన్నది బాగా కుదిరే జంట. ఆ వాష్‌ను రంగు వేయని ప్లాస్టిక్ మీద ధారాళంగా వాడితే ఒత్తిడిలో ఉన్న ముక్కలు పగులుతాయి. అందుకే బాడీకి క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) వేశాకే వాడండి.

తర్వాతది స్ప్రే డబ్బానా, ఎయిర్ బ్రషా (కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పనిముట్టు) అన్న ప్రశ్న. కార్ల విషయంలో స్ప్రే డబ్బా చాలా గౌరవంగా చూడాల్సిన పనిముట్టు. బాడీ పెద్దది, ఒకే రంగు, తడిగా ఒకే పొర పడాలి. డబ్బా సరిగ్గా ఆ పనికే పుట్టింది. టామియా టీఎస్ డబ్బాలు ల్యాకర్ రంగులు. ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు, 1/24 బాడీకి ధారాళంగా సరిపోతుంది. కొనేటప్పుడు పేరులోని అక్షరాలు చూసుకోండి. టీఎస్ అంటే ఈ కిట్ల పాలిస్టైరీన్‌కు. పీఎస్ అంటే రిమోట్ కార్ల పాలికార్బొనేట్ బాడీలకు. పీఎస్ రంగు మన కిట్ మీద కొడితే ప్లాస్టిక్ పాడైపోతుంది. డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

కొట్టేముందు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే జల్లు సన్నగా, సమంగా వస్తుంది. వేడినీళ్లు, స్టవ్ దగ్గరికి తీసుకెళ్లడం ఎప్పుడూ వద్దు. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి, బాడీ అంచుకు బయటే మొదలుపెట్టి, అటు అంచు దాటాక ఆపాలి. మొదటి రెండు పూతలు పలుచగా, చివరిది తడిగా. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ల్యాకర్ ఆరుతూ తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది. వాన పడే రోజున బాడీ పని పెట్టుకోకుండా ఇంజిను, సీట్లు చేసుకోవడం మంచిది.

ఎయిర్ బ్రష్ ఎప్పుడు కావాలి? డబ్బాల్లో దొరకని రంగు కావాలన్నప్పుడు. కారు తయారీదారు అసలు రంగు కోడ్ ప్రకారం కలిపిన సీసాలు ఎన్నో కంపెనీలు అమ్ముతాయి. అవి ఎయిర్ బ్రష్‌తోనే వేయాలి. చక్రాలకు, డిస్క్ బ్రేకులకు లోహపు రంగులు వేయడానికీ అదే కావాలి. డబుల్ యాక్షన్ (గాలిని, రంగును ఒకే మీటతో విడివిడిగా అదుపు చేసేది), పైన కప్పు ఉన్న రకం, 0.3 మిల్లీమీటర్ల సూది అన్నిటికీ పనికొస్తుంది. అసలు ఖర్చు దానిది కాదు. ప్రెషర్ గేజ్, నీటి ట్రాప్ ఉన్న కంప్రెసర్, గాలిని బయటికి లాగే బూత్, ఆవిరిని వడకట్టే మాస్కు, కడగడానికి థిన్నర్ అన్నీ కలిపి చూసుకోవాలి. రెండు మూడు కార్లు డబ్బాతో పూర్తి చేసి, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కొనండి. బ్రష్‌తో బాడీకి రంగు వేయడం గురించి నా మాట సూటిగా చెబుతాను: వద్దు. చిన్న ముక్కలకు మాత్రం బ్రష్ బ్రహ్మాండం.

ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) మానేయడం చాలామంది చేసే పని, ముఖ్యంగా తెల్ల ప్లాస్టిక్ చూసి. అచ్చు నుంచి సులువుగా ఊడడానికి వేసే జిడ్డు ముక్కల మీద ఉంటుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ పూస్తేనే ఎక్కడ గీత, ఎక్కడ గుంట ఉందో తెలుస్తుంది. ఎర్ర ప్లాస్టిక్‌తో వచ్చే బాడీ మీద తెల్లగానీ పసుపుగానీ వేయాలనుకుంటే ఇంకా జాగ్రత్త. కింది ఎరుపు పైకి ఊరి గులాబీ రంగు తెస్తుంది. మధ్యలో సిల్వర్ పొర వేస్తే ఆ రంగు ఆగుతుంది.

మెరుపు కోసం క్లియర్ రెండు రకాలు. ఒకటి మామూలు ల్యాకర్ క్లియర్. మూడు నాలుగు పూతలు వేసి, వాసన పూర్తిగా పోయేవరకు ఆరనిచ్చి, 2000 ఆపైన నంబర్ల ఉప్పుకాగితంతో నీళ్లు వేస్తూ సాపు చేసి, కాంపౌండ్ (పాలిష్ ముద్ద) పెట్టి రుద్దాలి. టామియా కాంపౌండ్‌లో ఎర్ర మూత గరుకు, నీలం మధ్యరకం, తెలుపు చివరి మెరుపుకు. రెండోది టూ-కే (రెండు ద్రవాలు కలిపి వాడే) యూరెథేన్ క్లియర్. అసలు కార్లకు వాడేదాని లాంటిదే. ఒకే పూతలో తడి గాజులా వస్తుంది, పాలిష్ దాదాపు అక్కర్లేదు. కానీ దాని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ప్రమాదం. సరైన రక్షణ సామగ్రి, వెంటిలేషన్ లేని చోట, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. ల్యాకర్ క్లియర్, ఓపికగా పాలిష్ చాలు. చేత్తో రుద్ది తెచ్చిన మెరుపు 1/24 సైజుకు ఇంకా సహజంగా కనిపిస్తుందని నా నమ్మకం. టూ-కే ఒక్కోసారి కారును పంచదార పాకంలో ముంచినట్టు మందంగా కనిపించేలా చేస్తుంది.

మెటాలిక్ రంగైతే రంగు పొరను ఎప్పుడూ ఉప్పుకాగితంతో ముట్టుకోవద్దు. సాపు చేసేది క్లియర్‌ను మాత్రమే. డెకాల్స్ మీద క్లియర్ వేసేటప్పుడు మొదటి పూతలు పొగలా పలుచగా పడాలి. తడిగా కొడితే ల్యాకర్ డెకాల్‌ను ముడుచుకుపోయేలా చేస్తుంది.

క్రోమ్ పట్టీలకు, అద్దాల చుట్టూ ఉండే అంచులకు రెండు దారులు. బేర్ మెటల్ ఫాయిల్ అనే పలుచని లోహపు పొర అతికించి, కొత్త బ్లేడుతో అంచు కోయడం ఒకటి. మోలోటోవ్ లిక్విడ్ క్రోమ్ పెన్నుతో గీయడం ఇంకొకటి. ఫాయిల్ నేర్చుకోవడానికి సమయం పడుతుంది, ఫలితం మాత్రం నిజమైన లోహమే. పెన్ను సులువు, కానీ ఆరడానికి రోజులు తీసుకుంటుంది, మీద క్లియర్ వేస్తే మెరుపు చచ్చిపోతుంది. పాత అమెరికన్ కార్లకు ఫాయిల్, కొత్త కార్ల చిన్న బ్యాడ్జీలకు పెన్ను అని నేను విడదీస్తాను.

కట్టకుండా దాచుకునేవాళ్లకు

సేకరణలో మొదట పరిధి గీసుకోండి. ఒకే తయారీదారు కార్లు, ఒకే దశాబ్దం, ఒకే రేసు, ఒకే కంపెనీ కిట్లు, ఏదైనా సరే. అన్నీ కావాలనుకుంటే చోటు అయిపోతుంది, ఆసక్తి అంతకన్నా ముందే అయిపోతుంది.

పాత కిట్ల విలువ అరుదు మీద ఆధారపడింది, కానీ ఆ అరుదు ఎప్పుడూ నిలవదు. అచ్చు ఇంకా ఉంటే ఎప్పుడైనా మళ్లీ విడుదల కావచ్చు. అది వచ్చిన రోజున పాతదాని ధర సాధారణంగా పడిపోతుంది. మళ్లీ రావడం కష్టమైనవి 1960ల అమెరికన్ యాన్యువల్ కిట్లు. అప్పట్లో ఏటా కొత్త కారు వచ్చినప్పుడు అదే అచ్చును కోసి మార్చి ఆ ఏడాది కారుగా చేసేవారు. ముందు ఏడాది కారు ఆ అచ్చులో ఇక ఉండదు. అందుకే అవి ఎప్పుడూ వెతుకులాటలోనే ఉంటాయి. వాటికీ ఇప్పుడు కొన్ని కొత్త అచ్చులు వస్తున్నాయి. డబ్బు పెరుగుతుందన్న ఆశతో కాకుండా ఇష్టంతో కొన్నవే మిగులుతాయి.

1950ల ప్రోమోలు కొనేటప్పుడు బాడీని పక్క నుంచి, కింద నుంచి చూడండి. అవి సెల్యులోజ్ అసిటేట్‌తో చేసినవి. కాలం గడిచేకొద్దీ బాడీ వంగి మెలితిరుగుతుంది. దాన్ని తిరిగి నిలబెట్టలేం.

సీలు తీయని పెట్టె తెచ్చినా లోపల ఒక శత్రువు ఉంటుంది. పాత కిట్లలోని మెత్తని వినైల్ టైర్లలో ఉండే ద్రవం మెల్లగా ఊరి, తగిలిన ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. టైరు అద్దానికో బాడీకో ఆనుకుని ఉంటే అక్కడ కాలినట్టు మచ్చ పడుతుంది. కట్టుకోవాలనుకున్న కిట్ అయితే తెరిచి టైర్లను వేరే సంచిలో పెట్టండి. సీలు విలువ కోసం దాచేవాళ్లు ఆ అపాయం తెలిసే దాచాలి. డెకాల్స్ పసుపెక్కితే పారదర్శక సంచిలో పెట్టి, ఎండ పడే కిటికీకి కొన్ని రోజులు అంటిస్తే చాలావరకు తెల్లబడతాయి. చాలా పాతవి నీళ్లలో వేయగానే ముక్కలవుతాయి కాబట్టి ముందు డెకాల్ ఫిల్మ్ ద్రవం పూసి ఆరనివ్వాలి. కట్టిన కార్లకైనా పెట్టెలకైనా నేరు ఎండ, అటక వేడి రెండూ పనికిరావు.

ఎవరికి ఏది

ఎప్పుడూ కిట్ ముట్టనివాళ్లు: టామియా 1/24 కర్బ్‌సైడ్, టీఎస్ డబ్బాలో రంగు, అదే కంపెనీ ప్రైమర్, క్లియర్, ఆకుపచ్చ మూత జిగురు, నిప్పర్ (ముక్కలు కత్తిరించే కట్టర్), కొత్త బ్లేడు కత్తి, మాస్కింగ్ టేప్. రంగు ముదురు నీలమో ఎరుపో మెటాలిక్ కాని మామూలు సాలిడ్ రంగు. నలుపు వద్దు, ప్రతి లోపం చూపిస్తుంది. తెలుపు అనేక పూతలు అడుగుతుంది.

చిన్నప్పుడు కట్టి మళ్లీ వచ్చినవాళ్లు: మీరు అప్పుడు కట్టిన కిట్‌నే మళ్లీ కొనాలన్న కోరిక ఉంటుంది. కొనండి, కానీ రెండోదిగా. ముందు ఒక కొత్త అచ్చు కట్టి చేతిని మళ్లీ అలవాటు చేసుకుంటే, ఆ పాత కిట్ లోపాలను దిద్దే బలం వస్తుంది.

పిల్లలతో కట్టేవాళ్లు: రంగు ప్లాస్టిక్ స్నాప్ కిట్. స్ప్రే, ద్రావకాలు ఏవీ లేకుండా. వాళ్లు అతికించిన స్టిక్కర్ వంకరగా ఉంటే అలాగే ఉండనివ్వండి.

ఒకటి రెండు కార్లు ముగించి తర్వాతేమిటని చూస్తున్నవాళ్లు పెద్ద స్కేలుకు గానీ వందల ముక్కల కిట్‌కు గానీ దూకకుండా, అంతకుముందు కట్టిన కారునే ఇంకోటి కొనండి. ఏ ముక్క ఎక్కడ పట్టేస్తుందో ఇప్పటికే తెలుసు కాబట్టి ఈసారి బాడీ మెటాలిక్ రంగులో వేసి, క్లియర్ పాలిష్ చేసి, అద్దాల అంచుకు ఫాయిల్ అతికించండి. రెండు కార్లూ పక్కపక్కన పెడితే తర్వాత డబ్బు ఎయిర్ బ్రష్ మీద పెట్టాలో, మరో కిట్ మీద పెట్టాలో మీకే తెలుస్తుంది.